ప్రాకెడు బిడ్డను నిలబెట్టిన వైద్యము

విశాఖపట్టణము అనగానే నౌకాశ్రయమును, ఉక్కు కర్మాగారమును జ్ఞప్తికి వచ్చుట సహజము. నౌకాశ్రయము 1933లో తెరువబడినది. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగినది. ఈ రెండింటికంటె ముందుగనే, 1923 జూలైలో, ఈ పట్టణమున ఒక వైద్య కళాశాలయు, దానికి అనుబంధముగ కింగ్ జార్జి ఆసుపత్రియు వెలసినవి. ఆసుపత్రిని నాటి మదరాసు రాష్ట్ర మంత్రివర్గమునకు అధినేత యగు పానగల్ రాజా ప్రారంభించెను. కళాశాల 1940లో ఆంధ్ర వైద్య కళాశాల అను పేరు పొందినది. రేవునకు నలుదిక్కుల నుండి సరకు చేరినట్లే, శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల నుండియు, మన్యపు గూడెముల నుండియు, పొరుగున నున్న ఒడిశా కొండ పల్లెల నుండియు రోగులు ఈ ఆసుపత్రికి రాసాగిరి.

వారిలో అనేక సంవత్సరములపాటు తరచుగా కనిపించిన ఒక విధమైన రోగి కలడు. అయిదారేండ్ల బిడ్డ, ముఖము కళగా నుండును, మాట చురుకు, కాని తల్లి చంక దిగినచో నిలువలేడు. రెండు చేతులును, రెండు మోకాళ్ళును నేల నానించి ప్రాకును. తల్లి చెప్పు కథ ఇంచుమించు ప్రతిసారియు ఒక్కటే: ఏడాదిన్నర, రెండేండ్ల ప్రాయమున రెండు మూడు రోజులు జ్వరము వచ్చినది, జ్వరము తగ్గినది, కాలు పడిపోయినది. ఇదియే శిశు పక్షవాతము. దీని శాస్త్రీయ నామము పోలియోమైలైటిస్; లోకవ్యవహారమున పోలియో.

ఈ వ్యాధిని టీకామందు జయించినదని పాఠ్యపుస్తకములు చెప్పును. అది నిజమే. కాని టీకా రక్షించినది వ్యాధి ఇంకను సోకని బిడ్డను. అప్పటికే కాలు పడిపోయిన బిడ్డకు టీకా ఏమియు చేయజాలదు. ఆ బిడ్డకు కావలసినది శస్త్రవైద్యుని కత్తి, పిండికట్టు, ఇనుప పట్టీల కాలిపరు, ఏండ్ల తరబడి ఓర్పు. పోలియో చరిత్రను చెప్పునపుడు ఈ రెండు పనులను ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను.

వ్యాధి స్వరూపము

'పోలియోస్' అను గ్రీకు పదమునకు బూడిదరంగు అనియు, 'మైలోస్' అను పదమునకు మజ్జ అనియు అర్థము. వెన్నుపామును అడ్డముగ కోసి చూచినచో నడుమ సీతాకోకచిలుక ఆకారమున బూడిదరంగు పదార్థము కనిపించును. దాని ముందు రెక్కలలో కండరములను కదలించు నాడీకణములు కలవు. పోలియో వైరసు దాడిచేయునది ముఖ్యముగ ఈ కణములపైననే. కణము చచ్చినచో దాని ఆజ్ఞకు లోబడియున్న కండర తంతువులు పని మాని క్రమముగ కృశించిపోవును. స్పర్శజ్ఞానమును తెచ్చు నాడులు వేరు గనుక వానికి హాని కలుగదు. కావుననే పడిపోయిన కాలుమీద చీమ ప్రాకినను బిడ్డకు తెలియును. దానిని విదిలించుకొనుటకు మాత్రము శక్తి చాలదు. బుద్ధికి ఏ లోపమును కలుగదు.

ఈ వైరసు నోటిద్వారా శరీరమున ప్రవేశించి, ప్రేగులలో వృద్ధిపొంది, మలముతో వెలుపలికి వచ్చును. కలుషితమైన నీటి వలనను, ఆహారము వలనను, శుభ్రముగ కడుగుకొనని చేతుల వలనను మరియొక బిడ్డకు సోకును. సోకినవారిలో నూటికి డెబ్బదిమందికి పైగా ఏ లక్షణమును పొడసూపదు. కొందరికి స్వల్ప జ్వరము, గొంతునొప్పి కలుగును. సుమారు 200 మందిలో ఒకరికి మాత్రమే పక్షవాతము వచ్చును. అట్లు వచ్చినవారిలో నూటికి 5 మొదలు 10 మంది వరకు, ఊపిరి పీల్చుటకు తోడ్పడు కండరములు పడిపోయి, మరణింతురు. అనగా ఒక వీథిలో ఒక బిడ్డ కుంటుచున్నచో, ఆ బిడ్డ వెనుక వైరసును మోసిన బిడ్డలు వందలమంది కలరని అర్థము. ఈ దాగుడుమూతల స్వభావము వలననే వ్యాధి ఒకరినుండి మరియొకరికి అంటునది అని గ్రహించుటకు వైద్యులకు చాలకాలము పట్టినది.

'తిన్నని బిడ్డ' అను శాస్త్రము

ఎముకలు, కీళ్ళ వైద్యమునకు ఆర్థోపెడిక్స్ అని పేరు. ఈ పదమును 1741లో ఫ్రెంచి వైద్యుడు నికొలస్ ఆండ్రీ కల్పించెను. గ్రీకు భాషలో 'ఆర్థోస్' అనగా తిన్ననిది, 'పైడియోన్' అనగా బిడ్డ. వంకరగ పెరుగు లేతచెట్టును గుంజకు కట్టి తిన్నగ చేయు చిత్రము ఆయన గ్రంథమునందు కలదు. నేటికిని ఎముకల వైద్యులకు అదియే చిహ్నము. అనగా ఈ శాస్త్రము పుట్టుకతోనే బాలవైద్యమై యుండెను.

1840లో జర్మనీ దేశమున కాన్‌స్టాట్ పట్టణమందు ఎముకల వైద్యశాలను నడపుచుండిన యాకోబ్ హైనె, తన యొద్దకు వచ్చిన బిడ్డల కాళ్ళను పరీక్షించి, ఇది ఒక ప్రత్యేక వ్యాధి అనియు, దీని మూలము వెన్నుపామునందు ఉండవచ్చుననియు గ్రంథము వ్రాసెను. స్వీడను దేశమున 1887లో చెలరేగిన వ్యాధిని పరిశీలించి, ఇది గుంపుగ వ్యాపించునని మెడిన్ 1890లో వెల్లడించెను. ఆయన శిష్యుడు విక్మన్, పక్షవాతము రానివారు సైతము వ్యాధిని వ్యాపింపజేయుదురని గ్రహించెను. 1908లో వియన్నా నగరమున లాండ్‌స్టైనర్, పాపర్ అనువారు చనిపోయిన ఒక బాలుని వెన్నుపాము నుండి తీసిన పదార్థమును కోతులకు ఎక్కించి, వ్యాధికారకము బాక్టీరియా కాదు, వైరసు అని తెలిసికొనిరి.

బాలల ఆసుపత్రుల పాత్ర

అటుపిమ్మట కలిగిన పురోగతిలో బాలల ఆసుపత్రులకు గొప్ప పాత్ర కలదు. అమెరికాలో బోస్టన్ నగరమందలి బాలల ఆసుపత్రిలో 1928 అక్టోబరున ఎనిమిదేండ్ల బాలిక ఊపిరియాడక మరణావస్థలో నుండెను. హార్వర్డు విశ్వవిద్యాలయపు ఫిలిప్ డ్రింకర్ నిర్మించిన ఇనుప పెట్టెలో ఆమెను మెడ వరకు ఉంచిరి. పెట్టెలోని గాలి పీడనము తగ్గినపుడు రొమ్ము విచ్చుకొని గాలి లోనికి పోవును. పీడనము పెరిగినపుడు బయటకు వచ్చును. నిమిషములలో బాలికకు స్పృహ వచ్చినది. కొలది దినములకు న్యుమోనియాతో ఆమె మరణించినను, 'ఉక్కు ఊపిరితిత్తి' అను ఆ యంత్రము తరువాత వేలాదిమందిని బ్రతికించినది.

1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లో ఈ వ్యాధి భయంకరముగ ప్రబలినది. బ్లెగ్‌డాం ఆసుపత్రిలో అట్టి యంత్రములు కొద్దిమాత్రమే ఉండెను. ఆగస్టు 27వ తేదీన మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ పండ్రెండేండ్ల బాలిక శ్వాసనాళమునకు రంధ్రముచేసి గొట్టమును అమర్చి, చేతితో రబ్బరు సంచిని నొక్కుచు గాలిని పంపెను. బాలిక బ్రతికెను. వెంటనే సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగ రేయింబవళ్ళు సంచులను నొక్కిరి. శ్వాస పడిపోయినవారిలో నూటికి 80 మందికి పైగా మరణించుచుండిన స్థితి మారి, మరణములు నూటికి 25కు దగ్గరగ దిగివచ్చినవి. నేటి ఆసుపత్రులలోని అత్యవసర చికిత్సా విభాగములకు నాంది ఇదియే.

బోస్టన్ బాలల ఆసుపత్రిలోనే ఎండర్స్, వెల్లర్, రాబిన్స్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు 1949లో పోలియో వైరసును నాడీకణములు కాని ఇతర కణజాలములందును పెంచవచ్చునని చూపిరి. వారికి 1954లో నోబెల్ బహుమానము లభించినది. వైరసును గాజుపాత్రలో విరివిగ పెంచగలుగుటయే టీకాకు మార్గము తెరచినది.

సూదిమందు, నోటి చుక్కలు

జోనాస్ సాక్ వైరసును ఫార్మాలిన్‌తో చంపి సూదిమందుగ తయారుచేసెను. 1954లో సుమారు 18 లక్షలమంది అమెరికా బాలలు దీని పరీక్షలో పాల్గొనిరి. టీకా క్షేమకరము, ఫలవంతము అని 1955 ఏప్రిల్ 12న ప్రకటించిరి. కొన్ని దినములకే ఒక తయారీ సంస్థ టీకాలో చావని వైరసు మిగిలిపోవుటచే 160 మందికి పైగా పక్షవాతము పాలైరి. 10 మంది మరణించిరి. టీకా తయారీపై ప్రభుత్వ తనిఖీ కఠినమగుటకు ఈ దుర్ఘటన కారణమైనది. ఆల్బర్ట్ సాబిన్ వేరొక దారి పట్టి, బలహీనపరచిన సజీవ వైరసును నోటి చుక్కలుగ రూపొందించెను. దీనిని సోవియట్ దేశమున చుమకోవ్ మొదలగువారు 1959లో పెద్ద ఎత్తున ప్రయోగించి విజయము గాంచిరి. చుక్కలు చౌక, సూది అక్కరలేదు, ప్రేగులలోనే రక్షణ ఏర్పడును. కావున బీదదేశములకు ఇదియే తగినదిగ కనిపించినది.

అయినను ఆ చుక్కలు మన గ్రామములకు చేరుటకు చాలకాలము పట్టినది. వేడిదేశములలో పోలియో అరుదు అను భ్రమ అందుకొక కారణము. పసితనముననే వైరసు సోకి రోగనిరోధక శక్తి కలుగుట వలన పెద్ద విజృంభణలు కనిపించెడివి కావు. ఈ భ్రమను పోగొట్టినవారిలో ఉపాధ్యాయులు సైతము కలరు. 1970 ప్రాంతపు దశకమున ఆఫ్రికాలోని ఘనా దేశమందు పాఠశాలలకు ప్రశ్నాపత్రములు పంపి, మీ బడిలో కుంటు పిల్లలెందరని అడిగిరి. జవాబులు కూడి చూడగా పోలియో బాధితుల సంఖ్య సంపన్న దేశములలో టీకాకు ముందున్న దానికి తీసిపోనిదని తేలినది. తరువాత భారతదేశమునందును ఇట్టి కుంటితనపు గణనలు జరిగినవి. మన జాతీయ టీకాల కార్యక్రమమున పోలియో చుక్కలు 1979లో చేరినవి.

విశాఖలో నిలబెట్టు పని

చుక్కలు చేరునాటికే కాళ్ళు పడిపోయిన బిడ్డలు వేలకొలది ఉండిరి. విశాఖపట్టణమున వారు చేరినది కింగ్ జార్జి ఆసుపత్రి ఎముకల విభాగమునకును, పెద వాల్తేరునందలి రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రికిని. ఎముకలు, కీళ్ళ చికిత్సకును, అంగవైకల్యము గలవారి పునరావాసమునకును ఈ రెండవ ఆసుపత్రి ఉత్తరాంధ్రలో పేరుపొందినది.

బిడ్డ ఎందుకు ప్రాకును? కేవలము బలహీనత వలన కాదు. కీలునకు ఒకవైపు కండరము చచ్చి, రెండవవైపు కండరము బ్రతికియున్నచో, బ్రతికిన కండరము కీలును తనవైపే లాగును. నిలువలేని బిడ్డ తుంటిని, మోకాళ్ళను ముడుచుకొని కూర్చుండును. నెలలు గడచిన కొలది తొడ వెలుపలి వైపున నుండు దళసరి పట్టీ కురుచయగును. తుంటియు, మోకాలును వంగినచోటనే బిగిసిపోవును. మడమ పైకి లేచి పాదము మునివ్రేళ్ళపై నిలుచును. ఇట్టి స్థితిలో కాలిలో కొంత బలము మిగిలియున్నను అది అక్కరకు రాదు.

కావున చికిత్స మెట్లు మెట్లుగ సాగును. వ్యాధి తగిలిన తొలివారములలో విశ్రాంతి, వేడి కాపడము, కాలును సరియైన భంగిమలో ఉంచుట ముఖ్యము. పోయిన బలములో తిరిగివచ్చునది చాలవరకు మొదటి ఆరు నెలలలో వచ్చును. రెండేండ్ల పిమ్మట రాదగినది స్వల్పము. అపుడు ప్రతి కండరమునకును సున్న నుండి అయిదు వరకు మార్కులు వేసి పరీక్షింతురు. బిగిసిన పట్టీలను కోసి వదులుచేసి, పిండికట్టులను మార్చుచు తుంటిని, మోకాలిని తిన్నగ చేయుదురు. మడమ వెనుక స్నాయువును పొడిగించి పాదమును నేలకు దింపుదురు. తరువాత బలముగల కండరపు స్నాయువును చచ్చిన కండరము చేయవలసిన చోటికి మార్చి కుట్టుదురు. మార్చిన కండరము బలములో ఒక మార్కు కోల్పోవును గనుక, మొదటనే నాలుగైదు మార్కులు గల కండరమునే ఎన్నుకొనవలెను. పాదము బాగుగ తూలుచున్నచో, ఎముకలు చాలవరకు పెరిగిన పిదప, సుమారు పండ్రెండేండ్లు దాటినవెనుక, పాదమందలి మూడు కీళ్ళను ఎముకతో ఎముక అతుకుకొనునట్లు చేయుదురు.

ఇంత జరిగినను తొడ ముందు కండరము చచ్చినచో మోకాలు మడత పడును. అట్టివారు నడచునపుడు అరచేతిని తొడపై నొక్కిపట్టి అడుగు వేయుట మనకు పరిచితమైన దృశ్యమే. ఆ చేయి చేయు పనిని కాలిపరు చేయును. నిలుచునపుడు దాని మోకాలి తాళము పడును, కూర్చుండునపుడు విప్పవలెను. బిడ్డ పెరిగిన కొలది కాలిపరును మార్చవలెను. కావున తోలుపని, ఇనుపపని తెలిసిన కార్మికుడు శస్త్రవైద్యునితో సమానముగ ఈ చికిత్సలో భాగస్వామి.

విశాఖపట్టణపు ఎముకల శస్త్రవైద్యులు డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావు తమ జీవితమున అధికభాగము ఈ పనికే వినియోగించిరి. రోగి పట్టణమునకు వచ్చువరకు ఆగక, శస్త్రవైద్య బృందమే దూరప్రాంతములకు పోయి శిబిరములు పెట్టి ఉచితముగ శస్త్రచికిత్స చేయు పద్ధతిని వారు దేశమున పలు రాష్ట్రములకు తీసికొనిపోయిరి. 2022లో వారికి పద్మశ్రీ పురస్కారము లభించినది. కూలిపని మాని బిడ్డతో నెలల తరబడి పట్టణమున ఉండలేని తల్లిదండ్రులకు ఇట్టి శిబిరములు ఎంత మేలుచేసినవో ఊహింపవచ్చును.

ఒక సూది చేసిన హాని

ఈ చరిత్రలో ఒక విషాదకరమైన పాఠము కలదు. బిడ్డకు జ్వరము రాగానే పిరుదుకో తొడకో సూదిమందు వేయించుట మన దేశమున ఆచారమైపోయినది. బిడ్డ శరీరమున పోలియో వైరసు ఉన్న సమయమున కండరమునకు సూది తగిలినచో ఆ కాలికే పక్షవాతము వచ్చు అవకాశము పెరుగునని 1950 ప్రాంతమున బ్రిటన్, ఆస్ట్రేలియా వైద్యులు గమనించిరి. గాయపడిన కండరమునుండి నాడి వెంట వైరసు వెన్నుపామునకు సులభముగ చేరుటయే దీనికి కారణమని తరువాత ఎలుకలపై జరిగిన ప్రయోగములు చూపినవి. పుదుచ్చేరిలో జరిగిన పరిశీలనలు సైతము అనవసరపు సూదిమందుల వలన అనేక బిడ్డలు కాళ్ళు కోల్పోయిరని తెలిపినవి. మాత్రతోనో, తడిగుడ్డతోనో తగ్గదగిన జ్వరమునకు సూది కోరుట ప్రేమతో చేసిన పొరపాటు. కాని దాని మూల్యమును చెల్లించినది బిడ్డ.

వ్యాధి వెడలిపోయిన విధము

సంపన్న దేశములలో మూడు మోతాదులు చాలిన నోటి చుక్కలు మన బిడ్డలలో అనేకులకు చాలుటలేదని తమిళనాడునందలి వెల్లూరులో డాక్టర్ టి. జేకబ్ జాన్ మొదలగువారు చూపిరి. ప్రేగులలో ఇతర సూక్ష్మజీవులు, విరేచనములు ఉండుట ఇందులకు ఒక కారణము. అందుచేత అయిదేండ్లలోపు బిడ్డలందరికి ఒకే దినమున చుక్కలు వేసి, వైరసునకు నిలువనీడ లేకుండ చేయు పల్స్ పోలియో పద్ధతి వచ్చినది. ప్రపంచమున 1988 నాటికి ఏటా సుమారు మూడున్నర లక్షలమంది ఈ వ్యాధిచే పక్షవాతము పాలగుచుండిరి. ఆ యేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్మూలనకు సంకల్పించినది. మన దేశమంతట పల్స్ పోలియో 1995 డిసెంబరున మొదలైనది. ఇంటింటికి తిరిగి, చిటికెనవ్రేలికి సిరా గుర్తు పెట్టి, ఓడరేవులోను, రైలు నిలయములోను, ఇటుక బట్టీల వద్దను బిడ్డలను వెదకి చుక్కలు వేసిరి. 2009లో సైతము 741 మందికి వ్యాధి వచ్చిన మన దేశమున, 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులోని హౌరా ప్రాంతపు బాలికలో కనిపించినదే కడపటి సహజ పోలియో. 2014 మార్చి 27న భారతదేశము పోలియో రహితమని ధ్రువపత్రము లభించినది.

అంతటితో జాగ్రత్త మానదగదు. పాకిస్తాను, ఆఫ్గనిస్తాను దేశములలో సహజ వైరసు ఇంకను మిగిలియున్నది. 2016లో హైదరాబాదు మురుగునీటిలో టీకానుండి మార్పుచెందిన రెండవ రకపు వైరసు కనిపించగా, ఎవరికిని వ్యాధి రాకముందే, ఆ జూన్ మాసముననే సుమారు మూడు లక్షలమంది బిడ్డలకు సూదిటీకా వేసిరి. మురుగును పరీక్షించుట ఎంత అవసరమో ఈ సంఘటన తెలుపును. పదునైదేండ్లలోపు బిడ్డకు కాలుగాని చేయిగాని హఠాత్తుగ మెత్తబడి పడిపోయినచో, కారణము ఏదైనను, వెంటనే ప్రభుత్వ వైద్యునికి తెలుపవలెను. పక్షవాతము వచ్చిన 14 దినములలో, కనీసము 24 గంటల వ్యవధితో, రెండు మల నమూనాలను పరీక్షకు పంపుదురు. బడికి రాని బిడ్డను గూర్చి మొదట విచారించునది ఉపాధ్యాయుడే గనుక ఈ కబురు ఆయననుండి రావచ్చును.

మిగిలిన పని

వ్యాధి పోయినను వ్యాధిగ్రస్తులు పోలేదు. ఆనాడు చంకనెక్కి విశాఖ చేరిన బిడ్డలు నేడు నడివయస్కులు. వారిలో ఉద్యోగులు, దుకాణదారులు, ఉపాధ్యాయులు కలరు. పోలియో తగిలిన పదునైదు మొదలు నలువది ఏండ్ల పిమ్మట కొందరిలో క్రొత్తగా అలసట, నొప్పి, బలహీనత తలయెత్తును. చచ్చిన కణముల పనినికూడ నెత్తిన వేసికొని శ్రమించిన మిగిలిన నాడీకణములు క్రమముగ అలసిపోవుటయే దీనికి కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. వీరికి మరల కాలిపర్లు, వ్యాయామము, విశ్రాంతి, వైద్య పరీక్ష అవసరమగును. పోలియో చికిత్సలో నేర్చిన పిండికట్టు నేర్పు, స్నాయువుల మార్పిడి నేర్పు నేడు వంకరపాదములతో పుట్టిన శిశువులకును, మెదడు దెబ్బతినుటచే కండరములు బిగిసిన బిడ్డలకును ఉపకరించుచున్నవి.

ఒక వ్యాధిని నిర్మూలించినపుడు లెక్కల పుస్తకములో సున్న చేరును. ఆ సున్న వేయుటకు ముందు రోగము పాలైన ప్రతి బిడ్డకును ఒక నడక బాకీ ఉండును. టీకా వేసిన చేయి రాబోవు తరమునకు మేలుచేసెను. పెద వాల్తేరులో పిండికట్టు కట్టిన చేయి ఆ బాకీని కొంత తీర్చెను. తరగతి గదికి మెట్లకు బదులు వాలుబాట కట్టించుటయు, కాలిపరు తాళము విప్పి కూర్చుండుటకు చాలినంత చోటు బల్లవద్ద విడుచుటయు ఆ బాకీలో పాఠశాల తీర్చదగిన భాగము.